కెనడా సమ్మర్ జాబ్స్: సగం జీతం సర్కారు ఇస్తుంది.. స్టడీ పర్మిట్ మీదున్న మన పిల్లలకు మాత్రం ఎందుకు రాదు?

కెనడాలో చాలా కాలేజీలకు మే నుంచి ఆగస్టు దాకా సమ్మర్ బ్రేక్. ఆ నాలుగు నెలల్లో సంపాదించుకున్న డబ్బే చాలామంది స్టూడెంట్స్‌కు సెప్టెంబర్ ఫీజు, అద్దె, బస్ పాస్. అందుకే జనవరి దాటిందంటే అక్కడి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ.. సమ్మర్ జాబ్ దొరుకుతుందా, లేదా?

ఇదే టైమ్‌లో ఇక్కడ హైదరాబాద్, విజయవాడ, కరీంనగర్‌లలో ఉన్న తల్లిదండ్రుల చెవిన ఇంకో మాట పడుతుంది. 'కెనడాలో గవర్నమెంటే స్టూడెంట్స్‌కు సమ్మర్ జాబ్స్ ఇస్తుందట. మనవాడికి కూడా వస్తుందిలే' అని. ఈ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియకపోతే మాత్రం ఇంటి బడ్జెట్ తలకిందులవుతుంది.

కెనడా ప్రభుత్వం సమ్మర్ ఉద్యోగాల కోసం భారీగా డబ్బు ఖర్చు పెడుతున్న మాట నిజమే. ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుంది? ఎవరికి వర్తిస్తుంది? ఎవరికి వర్తించదు? దీనివల్ల నిజంగా కొత్త ఉద్యోగాలు వస్తున్నాయా? పూర్తి వివరాలు చూద్దాం.

ఒక్క చూపులో..

- స్కీమ్ పేరు కెనడా సమ్మర్ జాబ్స్. నడిపేది అక్కడి ఫెడరల్ ప్రభుత్వం.
- వయసు 15 నుంచి 30 ఏళ్లు. 2019 నుంచి స్టూడెంట్ అయి ఉండాలన్న రూల్ కూడా లేదు.
- రాయితీ డబ్బు స్టూడెంట్ ఖాతాలో పడదు. ఉద్యోగం ఇచ్చిన సంస్థకు వెళ్తుంది.
- కెనడా పౌరులు, పీఆర్ ఉన్నవాళ్లు, శరణార్థులుగా రక్షణ పొందినవాళ్లే అర్హులు.
- స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకు వర్తించదు.

అసలేంటీ స్కీమ్?

సమ్మర్‌లో కుర్రాళ్లకు పని చూపించడం కెనడా ప్రభుత్వానికి కొత్తేమీ కాదు. 1971లో అప్పటి ప్రధాని పియర్ ట్రూడో హయాంలో 'ఆపర్చునిటీస్ ఫర్ యూత్' పేరుతో ఒక పథకం వచ్చింది. సమ్మర్‌లో ఏం చేస్తారో స్టూడెంట్సే ఒక ప్రాజెక్టు రాసిస్తే, నచ్చినవాటికి ప్రభుత్వం డబ్బులిచ్చేది. తర్వాత పేర్లు మారాయి, రూల్స్ మారాయి. 2007 నుంచి 'కెనడా సమ్మర్ జాబ్స్' అనే పేరు స్థిరపడింది.

ఇప్పుడున్న పద్ధతి సింపుల్‌గా చెప్పాలంటే ఇదీ. ఒక స్వచ్ఛంద సంస్థ గానీ, మున్సిపాలిటీ గానీ, 50 మంది లోపు ఫుల్ టైమ్ ఉద్యోగులున్న చిన్న కంపెనీ గానీ 'మాకు ఈ సమ్మర్‌లో ఇద్దరు కుర్రాళ్లు కావాలి, ఫలానా పని చేయిస్తాం' అని ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రభుత్వం ఓకే చెబితే ఆ జీతంలో కొంత భాగం తానే భరిస్తుంది.

ఉద్యోగం 6 నుంచి 16 వారాల మధ్య ఉండాలి. వారానికి 30 నుంచి 40 గంటల పని. ఎక్కువ ఉద్యోగాలకు 8 వారాల లెక్కనే డబ్బు మంజూరవుతుంది. పిల్లల డే క్యాంప్‌లో లీడర్, మ్యూజియంలో గైడ్, స్విమ్మింగ్ పూల్ దగ్గర లైఫ్‌గార్డ్, వృద్ధాశ్రమంలో సహాయకులు, పొలాల్లో పనులు, చిన్న ఆఫీసులో సోషల్ మీడియా చూసుకోవడం.. ఇలాంటివి ఉంటాయి.

డబ్బు మొత్తం ఒకే చోట పోగుపడకుండా పార్లమెంటు నియోజకవర్గాల వారీగా పంచుతారు. ఏ నియోజకవర్గంలో ఏ రంగానికి ప్రాధాన్యం ఇవ్వాలో అక్కడి ఎంపీ అభిప్రాయం తీసుకుంటారు. ఎంపిక చేసిన సంస్థల జాబితాను కూడా ఎంపీకి చూపిస్తారు. దీనివల్ల మారుమూల ఊళ్లలోనూ పది ఉద్యోగాలు పుడతాయి. కుర్రాళ్లు ఇంట్లో ఉంటూనే పనికి వెళ్లొచ్చు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మన దేశం సంగతి వచ్చినప్పుడు మళ్లీ అవసరం పడుతుంది.

డబ్బు ఎవరి జేబులోకి?

చాలామంది పొరపడేది ఇక్కడే. ఇది స్కాలర్‌షిప్ కాదు, నిరుద్యోగ భృతి అంతకన్నా కాదు. స్టూడెంట్‌కు జీతం ఇచ్చేది ఉద్యోగం ఇచ్చిన సంస్థే. పే స్లిప్ మీద ఆ సంస్థ పేరే ఉంటుంది. ప్రభుత్వం వెనక నుంచి ఆ సంస్థకు డబ్బు సర్దుతుంది.

ఎంత సర్దుతుంది అనేది సంస్థను బట్టి ఉంటుంది.

- లాభాపేక్ష లేని సంస్థలకు: ఆ రాష్ట్ర కనీస వేతనంలో 100 శాతం వరకు. దాంతో పాటు పెన్షన్, ఉద్యోగ బీమా లాంటి వాటికి యజమాని తప్పనిసరిగా కట్టాల్సిన వాటా కూడా.
- చిన్న ప్రైవేటు కంపెనీలకు, ప్రభుత్వ రంగ సంస్థలకు: కనీస వేతనంలో 50 శాతం వరకు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒంటారియో రాష్ట్రంలో కనీస వేతనం 2025 అక్టోబర్ 1 నుంచి గంటకు 17.60 డాలర్లు. వారానికి 35 గంటల చొప్పున 8 వారాలు పనిచేస్తే 280 గంటలు. అంటే 4,928 డాలర్లు. మన రూపాయల్లో 3 లక్షల పైమాటే.

ఈ కుర్రాడు ఒక స్వచ్ఛంద సంస్థలో చేరితే ఆ 4,928 డాలర్లూ ప్రభుత్వమే ఇవ్వొచ్చు. సంస్థ మీద జీతం భారం దాదాపు సున్నా. అదే కుర్రాడు వీధి చివర బేకరీలో చేరితే ప్రభుత్వం 2,464 డాలర్ల వరకు ఇస్తుంది. మిగతా సగం బేకరీ ఓనర్ పెట్టుకోవాలి. కుర్రాడికి మాత్రం రెండు చోట్లా కనీస వేతనానికి తగ్గకుండా అందాలి. రాయితీ వస్తోంది కదా అని జీతం కోయడానికి వీల్లేదు. ఇష్టమైతే కనీస వేతనం కంటే ఎక్కువ ఇవ్వొచ్చు, ఆ ఎక్కువ మాత్రం సంస్థ జేబులోంచే పెట్టాలి.

ఇంతకీ ప్రభుత్వానికి ఎందుకీ ఖర్చు?

ఎందుకంటే అక్కడ కుర్రాళ్లకు పని దొరకడం బాగా కష్టమైపోయింది. 2025 జులైలో 15 నుంచి 24 ఏళ్ల వయసు వారిలో నిరుద్యోగ రేటు 14.6 శాతం. కోవిడ్ రెండేళ్లను పక్కనపెడితే 2010 తర్వాత అప్పటిదాకా ఇంత ఎక్కువ ఎప్పుడూ లేదు. సమ్మర్ అయ్యాక మళ్లీ చదువుకు వెళ్లే స్టూడెంట్స్ పరిస్థితి ఇంకా ఘోరం. 2025 మే నుంచి ఆగస్టు దాకా వాళ్లలో నిరుద్యోగ రేటు సగటున 17.9 శాతం. అంటే పనిలో ఉన్నవాళ్లు, పని కోసం చూస్తున్నవాళ్లు కలిపి ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరు సగటున పని లేకుండా ఉన్నట్టు లెక్క.

అందుకే ఉద్యోగాల సంఖ్య ఏటా రాజకీయ చర్చ అవుతుంది. కోవిడ్ దెబ్బ నుంచి తేరుకుంటున్న 2022లో ఈ స్కీమ్ కింద 1.4 లక్షల ఉద్యోగాలు లక్ష్యంగా పెట్టుకున్నారు. తర్వాత రెండేళ్లు అది 70 వేలకు పడిపోయింది. 2025లో కూడా 70 వేలతోనే మొదలుపెట్టి, జూన్‌లో ఇంకో 6 వేలు కలిపారు. ఆ ఏడాది నవంబర్‌లో ప్రధాని మార్క్ కార్నీ ప్రభుత్వం పెట్టిన బడ్జెట్‌లో 2026 సమ్మర్‌కు సుమారు లక్ష ఉద్యోగాలు అని ప్రకటించారు.

లక్ష అంటే పెద్ద సంఖ్యే. కానీ కెనడా మొత్తం మీద సమ్మర్‌లో పని వెతుక్కునే కుర్రాళ్లు దీనికి ఎన్నో రెట్లు ఉంటారు. ఈ స్కీమ్ అందరికీ సరిపోదు, సరిపోయేలా తయారు చేసింది కూడా కాదు.

మన స్టూడెంట్స్‌కు ఎందుకు వర్తించదు?

రూల్ చాలా క్లియర్‌గా ఉంది. ఉద్యోగం మొదలయ్యే నాటికి వయసు 15 నుంచి 30 మధ్య ఉండాలి. కెనడా పౌరులైనా అయి ఉండాలి, పీఆర్ అయినా ఉండాలి, లేదా ఆ దేశ చట్టం కింద శరణార్థిగా రక్షణ పొంది ఉండాలి. అక్కడ పని చేసే హక్కు, సోషల్ ఇన్సూరెన్స్ నంబర్ కూడా ఉండాలి.

స్టడీ పర్మిట్ మీద వెళ్లిన స్టూడెంట్ ఈ మూడింటిలో ఏదీ కాదు. చదువు అయ్యాక పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లూ కాదు. వీళ్లందరికీ ఇచ్చే సోషల్ ఇన్సూరెన్స్ నంబర్ 9 అంకెతో మొదలవుతుంది. అది తాత్కాలిక నివాసి అని చెప్పే గుర్తు. మీ నంబర్ 9తో మొదలైతే ఈ స్కీమ్ కింద వచ్చిన ఉద్యోగానికి మీరు అర్హులు కారని అర్థం.

అంతమాత్రాన సమ్మర్‌లో పనే చేయకూడదని కాదు. ఇక్కడే చాలామంది రెండు విషయాల్ని కలిపేసుకుంటారు. పని చేసే హక్కు వేరు, రాయితీ అర్హత వేరు. స్టడీ పర్మిట్‌లో పని చేయడానికి అనుమతి ఉండి, ఫుల్ టైమ్ చదువుతున్న స్టూడెంట్.. క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్ బయట వారానికి 24 గంటల వరకు పని చేసుకోవచ్చు. ఇది 2024 నవంబర్ 8 నుంచి ఉన్న లిమిట్. కాలేజీ క్యాలెండర్‌లో అధికారికంగా ఉన్న సెలవుల్లో అయితే ఈ 24 గంటల లిమిట్ ఉండదు, ఫుల్ టైమ్ చేయొచ్చు.

కాకపోతే ఒక మెలిక. జనవరిలో చేరిన చాలామందికి మే నుంచి ఆగస్టు దాకా రెండో సెమిస్టర్ నడుస్తుంది. బయట అందరికీ సమ్మర్ హాలిడేస్, వాళ్లకు మాత్రం క్లాసులు. అలాంటప్పుడు 24 గంటల లిమిట్ అలాగే ఉంటుంది. 'సమ్మర్ కదా' అని ఫుల్ టైమ్ చేసేస్తే పర్మిట్ రూల్ తప్పినట్టే. దాని ప్రభావం తర్వాత వర్క్ పర్మిట్ మీద, పీఆర్ మీద పడొచ్చు.

కనపడని పోటీ.. సగం ధరకే దొరికే ఉద్యోగి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రాయితీ రాకపోవడం ఒక్కటే అయితే పెద్ద బాధ లేదు. పక్కవాడికి రాయితీ ఉండటం వల్ల మన స్టూడెంట్‌కు పోటీ కూడా పెరుగుతుంది.

ఒంటారియోలోని ఒక చిన్న షాప్ ఓనర్ కోణంలో చూడండి. ఆయనకు సమ్మర్‌లో ఒక మనిషి కావాలి. రాయితీ మంజూరైన పోస్టులో పీఆర్ ఉన్న కుర్రాడిని పెట్టుకుంటే 8 వారాలకు ఆయన జేబులోంచి పడేది 2,464 డాలర్లు. రాయితీ లేకుండా స్టడీ పర్మిట్ మీదున్న మన అమ్మాయిని పెట్టుకుంటే పడేది 4,928 డాలర్లు. ఇద్దరూ ఒకే పని చేస్తారు, ఒకే జీతం తీసుకుంటారు. ఓనర్‌కు మాత్రం ఒకరి ఖర్చు ఇంకొకరికి డబుల్. ఇందులో ఎవరిమీదా కోపం, పక్షపాతం అక్కర్లేదు. కాలిక్యులేటర్ చాలు.

సమ్మర్ జాబ్స్ ఒక్కటే కాదు, కో-ఆప్ ప్లేస్‌మెంట్స్‌లోనూ ఇదే కథ. చదువులో భాగంగా కంపెనీల్లో చేసే పనికి 'స్టూడెంట్ వర్క్ ప్లేస్‌మెంట్ ప్రోగ్రామ్' అని ఇంకో రాయితీ ఉంది. ఇందులో కంపెనీకి స్టూడెంట్ జీతంలో 50 శాతం, గరిష్ఠంగా 5 వేల డాలర్ల వరకు తిరిగి వస్తుంది. మొదటి ఏడాది స్టూడెంట్స్, సైన్స్-ఇంజినీరింగ్ చదివే అమ్మాయిలు, వైకల్యం ఉన్నవాళ్లు, ఆదివాసీల్లాంటి కొన్ని వర్గాలకు అయితే 70 శాతం, గరిష్ఠంగా 7 వేలు. దీనికీ అర్హత అదే.. పౌరులు, పీఆర్, శరణార్థి రక్షణ. అంతర్జాతీయ స్టూడెంట్స్‌కు లేదు.

కో-ఆప్ ఉన్న కోర్సు అని చెప్పి అడ్మిషన్ ఇప్పించే కన్సల్టెన్సీల దగ్గర ఈ ప్రశ్న తప్పక అడగండి. కో-ఆప్ కోర్సులో సీటు రావడం వేరు, కో-ఆప్ చేయడానికి కంపెనీ దొరకడం వేరు. రెండోది స్టూడెంట్ సొంతంగా గెలుచుకోవాలి. అది కూడా సగం ధరకు దొరికే క్లాస్‌మేట్స్‌తో పోటీ పడి.

మరి ఇది అన్యాయమా? కెనడా వాదన ఏంటంటే ఇది అక్కడి పన్ను చెల్లింపుదారుల డబ్బు, కాబట్టి అక్కడ స్థిరపడిన కుటుంబాల పిల్లలకే ముందు దక్కాలి. అవతలి వాదన కూడా ఉంది. అంతర్జాతీయ స్టూడెంట్ కూడా అక్కడ పని చేస్తే పన్ను కడతాడు, పెన్షన్ వాటా కడతాడు, స్థానికుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఫీజు కడతాడు. ఏ వాదన మీకు నచ్చినా రూల్ మాత్రం ప్రస్తుతానికి ఇదే. ఫీజు లోన్ లెక్కలు వేసుకునేటప్పుడు దీన్ని పెట్టుకునే వేసుకోవాలి.

స్కీమ్ చుట్టూ రెండు పెద్ద గొడవలు

ప్రభుత్వం డబ్బు పంచే చోట రాజకీయం రాకుండా ఉండదు. కెనడాలోనూ అదే జరిగింది.

మొదటిది 2018లో. దరఖాస్తు పెట్టే ప్రతి సంస్థ ఒక డిక్లరేషన్ ఇవ్వాలని ప్రభుత్వం రూల్ పెట్టింది. తమ సంస్థ ప్రధాన ఉద్దేశం మానవ హక్కుల్ని, అబార్షన్ హక్కుతో సహా, గౌరవిస్తుందని టిక్ కొట్టాలి. దీంతో చర్చిలు, మత సంస్థలు భగ్గుమన్నాయి. పిల్లల క్యాంప్ నడుపుకోవడానికి మా విశ్వాసంతో పనేంటి అని ప్రశ్నించాయి. చాలా సంస్థల దరఖాస్తులు ఆ ఒక్క టిక్ దగ్గరే ఆగిపోయాయి. 2019కి వచ్చేసరికి ప్రభుత్వం ఆ మాటల్ని మార్చింది. సంస్థ నమ్మకాల గురించి కాకుండా, ఇచ్చిన డబ్బుతో చేసే పని ఎవరి చట్టబద్ధమైన హక్కుల్నీ దెబ్బతీయకూడదు అనే వరకు పరిమితం చేసింది.

రెండోది 2020లో, ఇంకా పెద్దది. కోవిడ్‌తో సమ్మర్ జాబ్స్ కొట్టుకుపోయాయి. ప్రభుత్వం ఆ ఏడాది ప్రైవేటు కంపెనీలకు కూడా కనీస వేతనంలో 100 శాతం ఇస్తామంది. పార్ట్ టైమ్ ఉద్యోగాలనూ ఒప్పుకుంది. పని దొరకని స్టూడెంట్స్‌కు నెలకు 1,250 డాలర్ల సాయం ప్రకటించింది. అక్కడిదాకా బాగానే ఉంది.

దాంతో పాటే, స్వచ్ఛంద సేవ చేసే స్టూడెంట్స్‌కు ప్రతి 100 గంటలకు వెయ్యి డాలర్ల చొప్పున, గరిష్ఠంగా 5 వేల డాలర్ల గ్రాంట్ ఇస్తామంది. దానికి పెట్టుకున్న అంచనా 91.2 కోట్ల డాలర్లు. గంటకు 10 డాలర్లంటే కనీస వేతనం కంటే తక్కువ కదా అని మొదట్లోనే విమర్శలొచ్చాయి. అంతలో ఆ పథకం నడిపే బాధ్యతను పోటీ లేకుండా 'వీ చారిటీ' అనే సంస్థకు ఇచ్చిన విషయం బయటపడింది. ఆ సంస్థ కార్యక్రమాల్లో మాట్లాడినందుకు అప్పటి ప్రధాని జస్టిన్ ట్రూడో కుటుంబ సభ్యులకు డబ్బులు అందాయని తేలింది. ఆర్థిక మంత్రి బిల్ మోర్నో కుటుంబానికీ ఆ సంస్థతో సంబంధాలున్నాయి. 2020 జులైలో వీ చారిటీ తప్పుకుంది. ఆగస్టులో మోర్నో రాజీనామా చేశారు. 2021 మేలో నైతిక వ్యవహారాల కమిషనర్ రిపోర్ట్ ఇచ్చారు. మోర్నో రూల్స్ ఉల్లంఘించారని, ట్రూడో ఉల్లంఘించలేదని అందులో తేల్చారు.

ఈ మొత్తం గొడవలో నష్టపోయింది మాత్రం స్టూడెంట్సే. ఆ గ్రాంట్ అసలు అమలే కాలేదు. సమ్మర్ అయిపోయింది, చేతికి రూపాయి రాలేదు.

రాయితీతో నిజంగా కొత్త ఉద్యోగం పుడుతుందా?

ఇది ఎకనమిస్టులు ఎప్పుడూ అడిగే ప్రశ్న. ఉదాహరణకు ఒక ఐస్‌క్రీమ్ షాప్ తీసుకోండి. సమ్మర్‌లో గిరాకీ ఎలాగూ పెరుగుతుంది. రాయితీ ఉన్నా లేకపోయినా ఓనర్ ఒక కుర్రాడిని పెట్టుకునేవాడే. అలాంటి షాప్‌కు ప్రభుత్వం సగం జీతం ఇస్తే కొత్త ఉద్యోగం ఏమీ పుట్టదు, ఓనర్‌కు లాభం పెరుగుతుంది అంతే. అదే పేద పిల్లలకు ఉచితంగా సమ్మర్ క్యాంప్ నడిపే సంస్థ అయితే? డబ్బు లేకపోతే ఆ క్యాంపే ఉండదు. అక్కడ ఇచ్చిన ప్రతి డాలర్ కొత్త ఉద్యోగంగా మారుతుంది. స్వచ్ఛంద సంస్థలకు 100 శాతం, ప్రైవేటుకు 50 శాతం అని తేడా పెట్టడానికి వెనక ఈ లాజిక్ పనిచేస్తుంది. పాత ఉద్యోగిని తీసేసి, ఆ సీట్లో రాయితీ కుర్రాడిని కూర్చోబెట్టకూడదనే రూల్ కూడా అందుకే ఉంది.

ఫలితాల గురించి గట్టి ఆధారాలు అమెరికా నుంచి ఉన్నాయి. న్యూయార్క్ సిటీలో 1963 నుంచి యువతకు సమ్మర్ ఉద్యోగాల పథకం నడుస్తోంది. అప్లై చేసేవాళ్లు ఎక్కువ, ఉద్యోగాలు తక్కువ కాబట్టి లాటరీ తీస్తారు. రీసెర్చర్లకు ఇది వరం లాంటిది. లాటరీలో వచ్చినవాళ్లను, రానివాళ్లను పోల్చి చూస్తే స్కీమ్ ప్రభావం తెలిసిపోతుంది. 2005 నుంచి 2008 వరకు జరిగిన లాటరీల మీద చేసిన స్టడీలో తేలింది ఏంటంటే.. ఆ సమ్మర్‌లో ఉద్యోగం వచ్చినంత మాత్రాన తర్వాతి ఏళ్లలో జీతాలు పెరగలేదు. కానీ జైలుకు వెళ్లేవాళ్లు, చిన్న వయసులోనే చనిపోయేవాళ్లు తగ్గారు.

షికాగోలో 2012లో ఇలాంటిదే ఇంకో ప్రయోగం జరిగింది. నేరాలు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లోని 13 హైస్కూళ్ల నుంచి 1,634 మందిని తీసుకుని, లాటరీ ద్వారా కొందరికి 8 వారాల పార్ట్ టైమ్ ఉద్యోగం ఇచ్చారు. తర్వాతి 16 నెలల్లో హింసాత్మక నేరాల అరెస్టులు ఉద్యోగం రానివాళ్లతో పోలిస్తే 43 శాతం తగ్గాయి.

అంటే ఎనిమిది వారాల సమ్మర్ జాబ్ కెరీర్‌ను మార్చేస్తుందని చెప్పడానికి పెద్దగా ఆధారం లేదు. కానీ కష్టాల్లో ఉన్న కుర్రాడిని దారి తప్పకుండా ఆపగలదు. అందుకే ఈ డబ్బు ఎవరికి ఇస్తున్నారన్నది చాలా ముఖ్యం. ఇంట్లో ఏ ఇబ్బందీ లేని కుర్రాడికి పాకెట్ మనీ కింద వెళ్తే ఒక ఫలితం, వేరే దారి లేని కుర్రాడికి వెళ్తే ఇంకో ఫలితం.

మన దగ్గర పరిస్థితేంటి?

మన దేశంలో దీనికి దగ్గరగా కనిపించేది పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్. 2024 జులై బడ్జెట్‌లో ప్రకటించి, అక్టోబర్‌లో పైలట్‌గా మొదలుపెట్టారు. దేశంలోని టాప్ 500 కంపెనీల్లో ఐదేళ్లలో కోటి మందికి ఇంటర్న్‌షిప్ అన్నది టార్గెట్. పైలట్ దశ రూల్స్ ప్రకారం నెలకు 5 వేలు. ఇందులో 4,500 కేంద్రం నేరుగా ఖాతాలో వేస్తుంది, 500 కంపెనీ ఇస్తుంది. చేరేటప్పుడు ఒకసారి 6 వేలు అదనం.

కెనడా స్కీమ్‌కు, దీనికి రెండు పెద్ద తేడాలు ఉన్నాయి. ఒకటి, ఆ రూల్స్ ప్రకారం ఫుల్ టైమ్ చదువుతున్నవాళ్లు అర్హులు కారు. 21 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండి, రెగ్యులర్ కాలేజీ చదువులో లేనివాళ్లకే. అంటే సెలవుల్లో పని చేసుకుందామనుకునే డిగ్రీ, బీటెక్ స్టూడెంట్‌కు ఇది పనికిరాదు. రెండు, పైలట్ దశ రూల్స్‌లో ఇది ఏకంగా 12 నెలల ఇంటర్న్‌షిప్.

తొలి రౌండ్‌లో ఏమైంది? 82 వేలకు పైగా ఆఫర్లు వెళ్లాయి. 28 వేల మంది సరే అన్నారు. చివరికి చేరింది 9 వేల లోపే. చేసే చోటు దూరంగా ఉండటం, ఏడాది పాటు ఇరుక్కుపోవాల్సి రావడం.. చాలామంది వెనక్కి తగ్గడానికి కారణాలుగా ఇవే వినిపించాయి. నెలకు 5 వేలతో వేరే సిటీలో గది అద్దెకు తీసుకుని, తిని, ఉద్యోగానికి వెళ్లడం ఎలా కుదురుతుంది? అమీర్‌పేటలో హాస్టల్ బెడ్‌కు ఎంతవుతుందో ఎవరిని అడిగినా చెబుతారు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింట్ ఇదే. కెనడాలో ఉద్యోగాన్ని కుర్రాడి ఊరికి తీసుకెళ్తున్నారు. మన దగ్గర కుర్రాడిని ఉద్యోగం ఉన్న ఊరికి రమ్మంటున్నారు. మన పిల్లలకు సమ్మర్ ఉద్యోగ రాయితీ అంటూ ఎప్పుడైనా వస్తే, మండల లైబ్రరీ, పీహెచ్‌సీ, ఊళ్లోని చిన్న వ్యాపారం దాకా అది చేరితేనే ఉపయోగం. రాయలసీమలో ఉన్న పిల్లాడికి గురుగ్రామ్‌లో ఆఫర్ లెటర్ వస్తే అది కాగితం మీద లెక్కకే పనికొస్తుంది.

మరి ఇప్పుడు ఎవరేం చేయాలి?

కెనడాలో పీఆర్ లేదా పౌరసత్వం ఉన్న తెలుగు కుటుంబాలైతే: మీ పిల్లలకు 15 ఏళ్లు నిండితే చాలు, అర్హులే. సంస్థలు ముందు ఏడాది చివర్లోనే దరఖాస్తు పెట్టుకుంటాయి. 2025 సమ్మర్‌కు 2024 నవంబర్ 19 నుంచి డిసెంబర్ 19 దాకా తీసుకున్నారు. మంజూరైన ఉద్యోగాలు ఏప్రిల్ నుంచి ప్రభుత్వ జాబ్ బ్యాంక్ సైట్‌లో, యాప్‌లో కనిపిస్తాయి. అప్లై చేయాల్సింది ప్రభుత్వానికి కాదు, నేరుగా ఆ సంస్థకు. మే దాకా ఆగితే మంచివి అయిపోతాయి. మీకు చిన్న వ్యాపారమో, తెలుగు అసోసియేషనో ఉంటే యజమానిగా మీరూ దరఖాస్తు పెట్టొచ్చు.

స్టడీ పర్మిట్ మీద ఉన్న స్టూడెంట్స్ అయితే: ఈ స్కీమ్ కింద అని రాసి ఉన్న పోస్టులకు అప్లై చేసి టైమ్ వేస్ట్ చేసుకోకండి. రాయితీతో సంబంధం లేని ఉద్యోగాల మీద దృష్టి పెట్టండి. క్యాంపస్ లోపలి ఉద్యోగాలు, పెద్ద రిటైల్ చైన్లు, వేర్‌హౌస్‌లు.. 50 మంది కంటే ఎక్కువ ఫుల్ టైమ్ ఉద్యోగులున్న ప్రైవేటు కంపెనీలకు సమ్మర్ జాబ్స్ రాయితీ ఎలాగూ రాదు కాబట్టి, అక్కడ మీరు, స్థానికులు ఖర్చు విషయంలో సమానమే. మీ సమ్మర్ అధికారిక సెలవా, సెమిస్టరా అన్నది కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీస్‌లో అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. పేస్లిప్ లేకుండా చేతికి క్యాష్ ఇస్తామనే పని వద్దు.

ఇక్కడున్న తల్లిదండ్రులైతే: రెండో ఏడాది ఫీజును సమ్మర్ సంపాదన మీద ఆధారపడి ప్లాన్ చేయొద్దు. కుర్రాళ్లలో నిరుద్యోగం ఈ స్థాయిలో ఉన్నప్పుడు సమ్మర్ అంతా పని దొరక్కపోవడం మీవాడి తప్పు కాకపోవచ్చు. 'ఇంతమందికి దొరికింది, నీకెందుకు దొరకలేదు' అని ఫోన్‌లో అడిగే ముందు, దొరికినవాళ్లకు పీఆర్ ఉందేమో ఆలోచించండి.

చివరగా అందరికీ ఒక హెచ్చరిక. 'గవర్నమెంట్ సమ్మర్ జాబ్ ఇప్పిస్తాం, ఇంత కట్టండి' అని ఎవరు అడిగినా నమ్మకండి. ఈ స్కీమ్‌లో ఉద్యోగం కోసం స్టూడెంట్ కట్టాల్సిన ఫీజు ఒక్క డాలర్ కూడా లేదు. అర్హత లేనివాళ్లకు ఎంత కట్టినా రాదు.